ఈయం చెంబు ఎందుకు చిన్నదైంది

సున్నం గోడ మీద మా చిన్నవాడు ఒక గీత గీశాడు. దీపాలు పెట్టే వేళ. నేను కిరసనాయిలు స్టవ్ ముందు కూర్చుని చారు ఎప్పుడు నురగ కడుతుందా అని చూస్తున్నాను. గీత వాడి ఛాతీ ఎత్తున మొదలై వంటింటి తలుపు దాకా పోయింది. పెన్సిలుతో గీసినట్టే బూడిద రంగులో, నున్నగా ఉంది.

"గోడ మీద గీయొద్దని చెప్పినానా లేదా? పెన్సిలు ఇట్ల ఇయ్యి" అని చెయ్యి చాపాను.

వాడు నా అరచేతిలో పెట్టింది పెన్సిలు కాదు. బొటనవేలంత బొమ్మ గిన్నె. ఆటవంట సామానులోది. దాని అంచు ఒక పక్క అరిగి మెరుస్తోంది. నేను ఇంకా తిప్పి చూస్తుండగానే వాడు దాన్ని లాక్కుని, అలవాటైన పనిలా, ఆ అరిగిన అంచును నోట్లో పెట్టుకుని చప్పరించాడు.

అలాంటి గీత నేను ముందు ఒకసారి చూశాను.

సేలంలో చదువుకున్న రోజుల్లో మా కెమిస్ట్రీ మేడం ఒకసారి రెండు లోహపు ముక్కలు తెచ్చి తెల్లకాగితం మీద రుద్దారు. చూడటానికి రెండూ దాదాపు ఒకే రకం. ఒకటి గీత పెట్టలేదు. అది తగరం. రెండోది పెన్సిలులా రాసింది. అది సీసం. "గీత పెట్టేదాన్ని పిల్లల నోటికి అందనివ్వకండి. వాళ్ళ ఒంట్లోకి తొందరగా పోతుంది. పైకి మాత్రం ఏమీ కనపడదు" అన్నారు. మేం రాసుకున్నాం. పరీక్షలో అది రాలేదు. మరిచిపోయాం. ఈ సాయంత్రం ఆ మాట అక్షరం పోకుండా తిరిగి వచ్చింది.

గిన్నె లాక్కుని, వాడి చేత నాలుక బయటికి పెట్టించి చీర చెంగుతో తుడిచాను. చెంగు మీద మసకగా ఒక మరక పడింది. అది ఆడుకున్న మట్టిదో, గిన్నెదో చెప్పలేను.

మా పెద్దది అరుగు మీద ఎక్కాలు రాసుకుంటూ ఉన్నది, లేచి లోపలికి వచ్చింది. "వాని నాలుక ఏంటికమ్మా తుడుస్తా ఉండావు?"

ఆ గిన్నెల గురించి అమ్మమ్మ ఏమైనా చెప్పిందా అని అడిగాను. పోయిన ఆడి నెలలో, ఆషాఢంలో, మా అమ్మ వచ్చినప్పుడు పాత పెట్టె అడుగు నుంచి ఆ సామాను తీసి తెచ్చి పిల్లలకు ఇచ్చి వెళ్ళింది.

"చెప్పిందే. అవీ మన చారు చెంబూ ఒకే నాడు పుట్టినాయంట. ఒకే కుంపటంట. చెంబు అక్క, ఇవంతా చెల్లెండ్లంట."

నేను స్టవ్ వైపు తిరిగాను. చెంబులో చారు అప్పుడే నురగ కట్టి అంచు దాకా లేస్తోంది.

ఆ తగరపు చెంబు, మేం ఈయం చెంబు అనేది, నా పెళ్ళికి అమ్మ ఇచ్చింది. ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి రోజూ అందులోనే చారు. ఇద్దరు పిల్లలు కడుపులో ఉన్నప్పుడు నాకు సయించింది ఆ చారన్నమే. వాళ్ళ నోటికి మొదట అలవాటు చేసిందీ అదే. బొమ్మ గిన్నెలు వచ్చి కొన్ని వారాలే. చెంబు మాత్రం వాళ్ళు పుట్టకముందు నుంచీ ఉంది.

గుడ్డ పట్టుకుని చెంబు దించాను. చారంతా తీసుకుపోయి జలదారిలో పోశాను.

పెరటి గడప మీద మునగాకు దూస్తున్న మా అత్త తల ఎత్తింది. "ఏందమ్మా, పొంగిన చారు తెచ్చి జలదారిలో పోస్తా ఉండావు?"

"అందులో ఏదో పడింది అత్తా."

"ఏం పడింది?"

"తెలీదు."

"తెలీకనే పారబోసినావా. బాగుంది. మీ అమ్మ ఇచ్చిందే పిడికెడు చెంబు. అందులో కాగే చారు ముగ్గురికి వస్తే నాలుగో మనిషికి రాదు. అదీ జలదారికి పోస్తే ఈ పూట అన్నంలోకి గాలి పోసుకోవల్ల."

చెంబు చిన్నదని ఎత్తిపొడవడం మా అత్తకు కొత్త కాదు. పెళ్ళిలో సామాను పరిచినప్పుడే దాన్ని ఎత్తి చూసి, "ఇది చారుకా, దేవుని తీర్థానికా?" అని పదిమందినీ నవ్వించింది. వాళ్ళ పుట్టింటి ఈయం చెంబు బిందెంత ఉండేదట. ఎందుకు చిన్నదో నాకే తెలియదు.

ఈ పూట పెరుగన్నంతో గడిచింది. బొమ్మ గిన్నెలన్నీ ఏరి గుడ్డలో మూటకట్టి అటక మీదికి ఎక్కించాను. చిన్నవాడు ఏడ్చి ఏడ్చి పడుకున్నాడు. తర్వాత పెద్దదాని నోట్సు నుంచి ఒక తెల్లకాగితం చింపి చెంబు అంచును గట్టిగా రుద్దాను. గీత పడలేదు. ఇంకోచోట రుద్దాను. పడలేదు. ఒక క్షణం ఊపిరి వచ్చింది. వెంటనే మేడం చెప్పిన మిగతా సగం గుర్తుకొచ్చింది. తగరంలో సీసం కొంచెమే కలిసి ఉంటే గీత పడకపోవచ్చు. కలిసిందా లేదా అన్నది కంటితో తేల్చే విషయం కాదు. పైగా చింతపండు పులుపులో వేడిగా కాగేటప్పుడు ఆ కొంచెమే మెల్లగా దిగుతుంది.

అంటే కాగితం నాకు ఏమీ చెప్పలేదు.

వాళ్ళ నాయన హోసూరు క్యాంపులో ఉన్నారు. అత్తకు చెబితే వీధంతటికీ చెప్పినట్టే. ఈ ఇంట్లో తెలుగు అక్షరాలు చదవగలిగింది నేనొక్కదాన్నే. మా నాయన పట్టుబట్టి నేర్పించాడు. అందుకని కూర్చుని రాస్తున్నాను. రాస్తే ఆ రోజు సరిగ్గా గుర్తుకు వస్తుందేమోనని. ఎందుకంటే చెంబు, గిన్నెలు పుట్టిన రోజున నేను అక్కడే ఉన్నాను. అప్పటికి మా పెద్దదానికంటే చిన్నదాన్ని.

కంబైనల్లూరులో మా అవ్వ ఇల్లు. అవి చింతకాయలు కొట్టే రోజులు. వసారా నిండా చింతపండు కుప్పలు, గింజలు తీసే ఆడవాళ్ళు, గింజలతో ఆడే పిల్లలు. మా ఒళ్ళంతా పులుపు వాసన. రాత్రి పడుకుంటే దుప్పటి కూడా పులుపే. పెద్దమ్మ కూతురు, నేను అక్కా అని పిలిచేది, నాకంటే రెండేళ్ళు పెద్దది. గింజ తీసిన పండు ఒకటి బుట్టలోకి, ఒకటి నోట్లోకి మాకు లెక్క. సాయంత్రానికి పళ్ళు పులిసిపోయి అన్నం నమలలేకపోయేవాళ్ళం. అవ్వ అప్పుడు అన్నం మెత్తగా పిసికి పైన చారు పోసేది.

ఆ చారు వాసన ఇంటికంటే ముందు వీధిలోకి వచ్చేది. మిరియాలు, జీలకర్ర, పొట్టు తీయని వెల్లుల్లి రోట్లో నలిపి, ఈయం చెంబులో ముందు చింతపండు నీళ్ళు పోసి, ఆ తర్వాతే పొయ్యి మీద పెట్టేది. నురగ లేవగానే దించేది. మరగనిచ్చేది కాదు. చెంబు దగ్గర అవ్వకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. వట్టి చెంబు నిప్పు మీద పెట్టకూడదు. మిగిలిన చారు రాత్రి దాంట్లో ఉంచకూడదు. ఇసుకతో తోమకూడదు. ఇవన్నీ మాకు దేవుడి గదిలోకి కాళ్ళు కడుక్కుని పోవాలన్నంత మామూలు విషయాలు.

చిన్నత్తకు మాత్రం మామూలు కాదు. మా చిన్నమామ పెళ్ళాడి తెచ్చుకున్న పిల్ల ఆమె, ఆనేకల్ పక్కది. వాళ్ళ ఇంట్లో చారు ఇత్తడి గిన్నెలో. వచ్చిన కొత్తలో ఒకరోజు అవ్వ చింతపండు తూకం చూడటానికి బయటికి పోయింది. పనిమంతురాలు అనిపించుకోవాలని చిన్నత్త పొయ్యి అంటించి, వట్టి ఈయం చెంబు దాని మీద పెట్టి, నీళ్ళ కోసం బావి దగ్గరికి వెళ్ళింది.

తిరిగి వచ్చేసరికి చెంబుకు అడుగు లేదు. ఎండలో పెట్టిన వెన్నలా కుంగి, ఒక పక్కకు ఒరిగి, మెరిసే బొట్లుగా బూడిదలోకి కారుతోంది. మేమిద్దరం తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాం. అంత అందమైన దృశ్యం నేను మళ్ళీ చూడలేదు. చిన్నత్త చేతిలోని బిందె కింద పెట్టడం కూడా మరిచిపోయింది.

అవ్వ వచ్చింది. చూసింది. మేం తిట్లు వినడానికి సిద్ధపడ్డాం. ఆమె పొయ్యి ముందు గొంతుకూర్చుని, "కట్టెలు ఎనక్కి లాగు. బూడిద చల్లారనీ" అంది. అంతే.

"నాకు గొత్తు లేదత్తా" అంది చిన్నత్త. వాళ్ళ వైపు తెలియదనడానికి ఆ మాటే. "మా ఇంట్ల ఇట్లాంటిది లేదు. గొత్తు లేదు."

"నీకు గొత్తు లేదు. చెంబుకు గొత్తు ఉండాది. అందుకే కరిగిపోయింది" అన్నాడు చిన్నమామ. ఎవరికీ నవ్వు రాలేదు.

ఆ మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ జల్లెళ్ళు పట్టుకుని పొయ్యి బూడిద జల్లించాం. గింజ గింజగా, రేకు రేకుగా ఈయం దొరికేది. అక్క వేడి బూడిద మీద ఉమ్మి చుయ్యిమనిపించింది. నేనూ ఉమ్మాను. వీపు మీద పడింది ఇద్దరికీ. దొరికిందంతా అవ్వ మట్టి మూకుడులో పోసి మూత పెట్టి, ఈయం పోసేవాడి కోసం కాచుకుంది. ఏటా ఆ రోజుల్లోనే వచ్చేవాడు. చింతపండు అమ్మిన డబ్బు ఇళ్ళల్లో ఉంటుందని వాడికి తెలుసు.

ఇక్కడ లేచి వెళ్ళి చిన్నవాడి చిగుళ్ళు నల్లబడ్డాయేమో చూసి వచ్చాను. ఎర్రగానే ఉన్నాయి. పోయిన వారం కడుపు నొప్పి అన్నాడు. జామకాయలు తిన్నందుకు అనుకున్నాను. పెద్దదానికి ఏడో ఎక్కం ఎంత చెప్పినా నిలవడం లేదు. నాకు ఏడో ఎక్కం ఎప్పుడు వచ్చిందో గుర్తు లేదు. ఇప్పుడు ప్రతిదీ ఆ సీసానికే గుర్తులా కనపడుతోంది.

తాత గురించి చెప్పాలి. ఎందుకంటే సీసం వచ్చింది తాత దగ్గరి నుంచి.

తాత అంతకు ముందటేడు వానాకాలంలో పోయాడు. సేద్యం చేసే మనిషే కానీ ప్రాణమంతా చేపల మీద. ఆడి నెలలో బండి కట్టించుకుని హొగేనక్కల్ పోయి, కావేరి దగ్గర పుట్టి నడిపేవాళ్ళతో స్నేహం చేసి, దినాల తరబడి వల విసిరి, ఒంటికి నూనె పట్టించుకుని, ఎండు చేపల మూటతో తిరిగి వచ్చేవాడు. వచ్చినాక వసారాలో కూర్చుని వల బాగుచేసుకునేవాడు. వల అంచుకు సీసపు గుండ్లు గుచ్చి, ఒక్కోదాన్ని పళ్ళతో కొరికి నొక్కేవాడు. ఆ పని చేసినంతసేపూ పెదవులు బూడిద రంగులో ఉండేవి. మేం పక్కన కూర్చుని మాకూ ఒక గుండు ఇమ్మని పోరు పెట్టి కొరికేవాళ్ళం. మెత్తగా దిగేది పన్ను. కొంచెం తియ్యగా ఉండేది.

తాత పోయాక ఆ వల గోడకు మేకు మీద వేలాడుతూ ఉండిపోయింది. చనిపోయిన మనిషి వల ఇంకొకరు విసరకూడదని మా ఇళ్ళల్లో పట్టింపు. ఇచ్చెయ్యకూడదు, అమ్మకూడదు. ఎలుకలు దారం కొరికేశాయి. గుండ్లు మిగిలాయి. ప్రతి గుండు మీదా తాత పళ్ళ నొక్కులు ఉన్నాయి. అవ్వ వాటిని తడుముతూ కూర్చోవడం నేను చూశాను.

ఈయం పోసేవాడు వచ్చిన రోజు ఇల్లంతా తిరణాలలా ఉంది. తమలపాకులు నములుతూ, ఎవరు అడిగినా అడగకపోయినా మాట్లాడుతూ ఉండే మనిషి. వేప చెట్టు నీడలో బొగ్గుల కుంపటి పెట్టుకున్నాడు. పిల్లలను పిలిచి, సన్నటి ఈయపు కడ్డీ ఒకదాన్ని మా చెవుల దగ్గర పెట్టి మెల్లగా వంచాడు. కిర్రుమంది, లోపల ఎవరో పళ్ళు నూరినట్టు. "తెల్ల ఈయం వంచితే ఏడుస్తుంది. నల్ల ఈయం మూగది" అన్నాడు. తెల్ల ఈయం అంటే తగరం, నల్ల ఈయం అంటే సీసం అని నాకు కాలేజీలో తెలిసింది. అప్పుడు మాత్రం నేను అక్క చెయ్యి వంచి "నువ్వు ఏడ్వలేదు, నల్లదానివి" అంటే అది నన్ను తరుముకుంది.

వాడు మూకుడులోది తూచి పెదవి విరిచాడు. "అవ్వా, పాత కొలత రాదు. సగానికి కొంచెం మీద వస్తుంది."

"అంతా జల్లించినాము గదా అప్పా" అంది అవ్వ.

"పొయ్యి తినింది నువ్వు జల్లిస్తే ఎట్ల వస్తుంది? కక్కుతుందా?" వాడి కళ్ళు వసారా గోడ మీదికి పోయాయి. "అదో, ఆ వల గుండ్లు ఉండాయి గదా. కరిగించి కలిపితే పాత చెంబుకంటే పెద్దది చేసిస్తాను. రంగులో తేడా మీ ఇంటి దేవునికి కూడా తెలీదు."

తలుపు వెనక నుంచి చిన్నత్త గొంతు వినపడింది. నెల రోజులుగా ఆమె అంత గట్టిగా మాట్లాడింది లేదు. "అట్లే చెయ్యనియ్యండత్తా. ఎప్పటి మాదిరి అయిపోతుంది. చూసినోళ్ళు ఎవరూ ఏమీ అడగరు."

ఆమెకు ఏం కావాలో ఇప్పుడు నాకు బాగా అర్థమవుతుంది. చెంబు పాత సైజుకు వస్తే ఆమె చేసింది చెరిగిపోతుంది. చిన్నదైతే, చారు వడ్డించిన ప్రతిసారీ ఇంట్లో అందరూ ఆ రోజును తలుచుకుంటారు.

అవ్వ లేచి వల మేకు మీద నుంచి తీసి, కత్తెర తెచ్చుకుని కూర్చుంది. నన్ను ఒక గిన్నె పట్టుకోమంది. గుండ్లు ఒక్కొక్కటీ అందులో పడేవి. టప్, టప్. నాకు గుర్తున్నది ఇదే. తర్వాత గుర్తున్నది, వాడి ఇనుప గరిటెలో ఆ గుండ్లు. తాత పళ్ళ నొక్కులు ముందు నున్నగా అయ్యాయి. తర్వాత గుండ్లు ఒకదాంట్లో ఒకటి కూరుకుపోయాయి. పైన నెమలి కంఠం రంగులో పొర కట్టింది. అవ్వ చూడలేక ముఖం తిప్పుకుంది.

కరిగించారు. అది నేను చూశాను. మళ్ళీ మళ్ళీ అదే కనపడుతోంది. చిన్నత్త బతిమాలింది, అవ్వ వల విప్పింది, గుండ్లు కరిగాయి. ఆ మూడింటినీ వరసగా పెడితే చెంబులో కలిపినట్టే కదా. రోజూ నేను కాచే చారులో తాత వల ఉన్నట్టే కదా.

పెన్ను పెట్టేసి చెంబు తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. అంచును బొటనవేలితో నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాను. కిర్రుమంది. కొంచెం కలిసినా ఏడుస్తుందేమో. నాకు తెలియదు. చేతులు మళ్ళీ కడుక్కున్నాను.

చెంబు మళ్ళీ పట్టుకున్నప్పుడు, దాని పొట్ట మీద దీపం వంకరగా కనపడింది. అది చూస్తూ ఉంటే కాకి గుర్తుకొచ్చింది.

కాకిని నేను ఎప్పుడూ మరిచిపోలేదు. కానీ అది ఎక్కడిదో ఎన్నడూ ఆలోచించలేదు. వసారా మెట్టు మీద ఒక కొత్త చెంబు, నిండా నీళ్ళు. కారుతుందేమో చూడటానికి పోసి పెట్టారు. ఒక కాకి అంచు మీద వాలి నీళ్ళలో ముక్కు పెట్టింది. అవ్వ "ఛో" అని కత్తెర విసిరింది. కత్తెర మెట్టుకు తగిలి మొన విరిగింది. ఆ విరిగిన కత్తెరతోనే ఆ తర్వాత మా చిన్నప్పుడంతా పూలదండల దారం కత్తిరించుకున్నాం.

కత్తెర ఎందుకు ఉంది అవ్వ చేతిలో?

వల గుండ్లు కోస్తోంది కాబట్టి. అవ్వ ఇంకా గుండ్లు కోస్తూనే ఉంది. అప్పటికే చెంబు తయారై, నిండా నీళ్ళతో మెట్టు మీద ఉంది.

నేను ఆ రెండు జ్ఞాపకాలను ఇన్నేళ్ళూ వేరువేరుగా దాచుకున్నాను. పక్కపక్కన పెట్టి చూశాను. ఎటు తిప్పినా అలాగే వస్తోంది. వాడు పొద్దున బిళ్ళ పోసి, చెక్క సుత్తితో సాగదీసి చెంబు కొట్టాడు. అవ్వ వల విప్పింది, గుండ్లు కరిగింది ఆ తర్వాత. గరిటెలో నెమలి రంగు చూసినప్పుడు ఎండ నా వెనక ఉంది, నా నీడ కుంపటి మీద పడుతుందని వాడు కసిరాడు. ఆ వేప చెట్టు ఇంటికి తూర్పున ఉండేది, నేను ఇంటికి వీపు పెట్టి నిలబడ్డాను. అంటే సాయంత్రం.

ఇప్పుడు మిగతావి వాటంతట అవే వస్తున్నాయి. ఆ రాత్రి కొత్త చెంబులో మొదటి చారు. నాలుగో ఆకు దగ్గరే అయిపోయింది. "ఇదేం చెంబుమ్మా, పిల్లి పాలు తాగేదా?" అన్నాడు చిన్నమామ. చిన్నత్త తల వంచుకుంది. అవ్వ తన అన్నంలో మజ్జిగ పోసుకుంటూ, "మనిషికి ఒక గరిటె తగ్గితే ఎవరూ చచ్చిపోరు. ఎక్కువైతేనే చూసుకోవల్ల" అంది. మర్నాటి నుంచి చారు మొదటి గరిటె చిన్నత్తకే పోసేది. అందరికంటే ముందు. ఎందుకో అప్పుడు మాకు తెలియదు.

చెంబు చిన్నది కావడమే దాని మంచితనం. నా పెళ్ళిలో మా అత్త అందరినీ నవ్వించింది దేని గురించో ఇన్నేళ్ళకు తెలిసింది.

ఆ మధ్య పాత పాత్రలకు బదులు ఎవర్‌సిల్వర్, అంటే స్టీలు సామాను, ఇచ్చే సైకిల్ మనిషి వచ్చినప్పుడు, మా అత్త ఆ చెంబు వాడి ముందు పెట్టింది. వాడు గోటితో గీకి, అంచు నొక్కి చెవి పెట్టి, పెద్ద డబరా, మూత, పైన ఒక గరిటె కూడా ఇస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. అత్త ఊరుకోక బొమ్మ గిన్నెలు కూడా చూపించింది. వాడు అరచేతిలో ఎగరేసి బరువు చూసి పక్కన పెట్టేశాడు. "ఇవి వద్దక్కా, చుమ్మా పిల్లలు ఆడుకోనీ" అన్నాడు. చిన్నవి కాబట్టి వద్దన్నాడు అనుకున్నాను.

అవ్వ కూడా ఆ మాటే అన్నది, చుమ్మా, ఊరికే అని. ఆ సాయంత్రం మమ్మల్ని పిలిచి, రాతి అచ్చుల్లోంచి తీసిన గిన్నెలు, మూతలు, వేలెడంత చెంబు మా ఒళ్ళో పోసింది. చెంబు కొట్టగా మిగిలిన ఈయం గీకుళ్ళు కొంచెం కరిగిన గుండ్లలో కలిపించిందట, మెరుపు రావాలని. "ఇవి తాత మీకు ఇచ్చినట్ల. పొయ్యి మీద పెట్టొద్దు, కరిగిపోతాయి. చుమ్మా వంటాట ఆడుకోండి."

తాత వల ఇంకొకరి చేతికి పోకూడదు. పారెయ్యకూడదు. చారులో కలపకూడదు. ఇవన్నీ అవ్వ ఆలోచించింది. చిన్నత్త కన్నీళ్ళకు కూడా కరగకుండా పెద్దవాళ్ళ వంటింటిని కాపాడింది. పిల్లల వంటింట్లో వట్టి ఆటే అనుకుంది. అక్కడ వండేది ఎవరు తింటారని.

మేం తిన్నాం. వసారా నిండా చింతపండు. అక్క చింతపండు పిసికి నీళ్ళు చేసి, ఆ బొమ్మ చెంబులో పోసి ఎండలో పెట్టేది. అది మా పొయ్యి. మధ్యాహ్నం దాకా కాగనిచ్చి, తర్వాత ఇద్దరం తాగేవాళ్ళం. అవ్వ చారు పుల్లగా ఉంటే మా చారు చివర్లో తియ్యగా తగిలేది. బెల్లం వెయ్యకుండా తీపి తేవడం తన చేతి గుణం అనేది అక్క. నేను నమ్మాను. కాలేజీలో సీసం లవణాలు తియ్యగా ఉంటాయని చెప్పినప్పుడు కూడా నాకు అక్క గుర్తుకు రాలేదు. అక్కకు పెళ్ళయ్యేదాకా ఏదో ఒక కడుపు నొప్పి ఉండేది. చింతపండు తిని తిని అనుకునేవాళ్ళు.

ఇప్పుడు కంబైనల్లూరులో ఈయం పోసేవాడు రాడు. వేప చెట్టు కింద సైకిళ్ళ షాపు ఉంది. చిన్నత్త ఎవర్‌సిల్వర్‌లోనే చారు కాస్తుంది. తల నెరిసింది. ఆ చెంబు నాకు ఇచ్చేటప్పుడు అమ్మ పక్కన నిలబడి, "నీళ్ళు పోసినాకనే పెట్టల్ల, గొత్తా?" అని నా చెయ్యి పట్టుకుని చెప్పింది ఆమె ఒక్కతే.

చెంబు గురించి భయం సగం తీరింది. చిన్నపిల్ల చూసిన కాకిని పట్టుకుని పూర్తిగా తీరిందనలేను. రేపు దాని అంచు నుంచి రవ్వంత గీకి కాగితంలో మడిచి, ఆయన వచ్చాక మేడం దగ్గరికి పంపిస్తాను. జవాబు వచ్చేదాకా చారు ఎవర్‌సిల్వర్‌లో. గిన్నెల గురించి మాత్రం అనుమానం లేదు. ఆడి నెల నుంచి చిన్నవాడు వాటిని చప్పరిస్తున్నాడు. ఆ అరిగిన అంచు ఎక్కడికి పోయిందో నాకు తెలుసు.

ఇంతవరకు రాత్రి రాసింది. పొద్దున జరిగింది కూడా రాసి ముగిస్తాను.

ఎవర్‌సిల్వర్ గిన్నెలో చారు పెట్టడం చూసి అత్త అడిగింది. చెప్పాను, అంతా. వీధికి చెప్పినా సరే అనుకుని చెప్పాను. ఆమె చెంబు చేతిలోకి తీసుకుని, లోపల వేలు పెట్టి తిప్పి చూసింది.

"అందుకా ఇంత ఉండేది" అంది. దాన్ని తిరిగి నా చేతిలో పెట్టి, "మీ మేడం మంచిదే అంటే మళ్ళీ దీంట్లోనే పెట్టు. నాకు మజ్జిగ చాలు" అంది.

పిల్లలు లేచారు. చిన్నవాడు కళ్ళు తెరవగానే గిన్నె అడిగాడు. నేను మూట దించి విప్పకుండానే వాళ్ళకు చూపించి, ముందు డాక్టరు దగ్గరికి పోదాం, బడికి ఆలస్యంగా పోవచ్చు అన్నాను.

"నువ్వు చిన్నప్పుడు వీటితో ఆడుకున్నావా?" అంది పెద్దది.

"ఆడుకున్నాను. వీటిలో చారు కాచి తాగినాను."

"నీకేమయింది?"

"తెలీదు. అందుకే నన్ను కూడా చూడమంటాను."

చిన్నవాడు మూట మీద చెయ్యి వేశాడు. "నా గిన్నె ఇయ్యి."

వాడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పాను. "అవి గిన్నెలు కాదు నాయనా. మీ ముత్తాత వల గుండ్లు. మా అవ్వ వాటికి గిన్నెల వేషం వేసింది. కావేరిలో ఎన్నో ఏండ్లు నీళ్ళ కింద ఉండినాయి. అన్ని చేపలు వాటి పక్కనే తిరిగినాయి. ఒక్క చేప కూడా వాటిని నోట్లో పెట్టుకోలేదు."